ఫ్రిజ్, ఫ్రీజర్ వాడకం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

ఫ్రిజ్‌తో పాటు ఇచ్చే పుస్తకం ఏ ఊరికైనా ఒకటే. మన ఊళ్ల సంగతి వేరు. మే నెల ఎండ, తీరం పొడవునా ఉప్పు గాలి, కార్తీకం నుంచి మొదలయ్యే వాయుగుండాలు, వాటితో పోయే కరెంటు. ఇళ్లకు వెళ్లి ఫ్రిజ్‌లు బాగుచేసే పనిలో మమ్మల్ని జనం అడిగే ప్రశ్నల్లో సగం ఆ పుస్తకంలో ఉండవు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ముందే ఒక మాట. ఫ్రిజ్‌లో పెట్టిన తిండి కూడా చెడిపోతూనే ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా. ఎంత నెమ్మదిగా అన్నది రెండు విషయాల మీద ఉంటుంది: లోపల నిజంగా ఎంత చల్లగా ఉంది, లోపల పెట్టేలోపు ఆ వస్తువు ఎంతసేపు బయట ఉంది. కింది జవాబుల్లో చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

లోపల ఎన్ని డిగ్రీలు ఉండాలి? మా దాంట్లో డిగ్రీలు చూపించదు, 1 నుంచి 7 దాకా అంకెలే ఉన్నాయి.

కింది అరల్లో 5 డిగ్రీలకు మించకూడదు. 3, 4 మధ్య ఉంటే బాగుంటుంది. ఫ్రీజర్‌లో మైనస్ 18. ఆ అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగే కొద్దీ చల్లదనం పెరుగుతుంది. దీన్ని తలకిందులుగా అనుకుని, బాగా చల్లబడాలని 1లో పెట్టుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

అసలు చల్లదనం తెలియాలంటే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. గ్లాసులో నీళ్లు పోసి, థర్మామీటరు అందులో ఉంచి, నడిమి అరలో రాత్రంతా వదిలేయండి. పొద్దున తలుపు తీయగానే చూడండి. గాలిలో పెడితే తలుపు తీసిన ప్రతిసారీ అంకె మారిపోతుంది, నీళ్లలో అయితే నిలకడగా ఉంటుంది. థర్మామీటరులో ఏడు డిగ్రీలు కనిపిస్తే ఫ్రిజ్ అంకె ఒకటి పెంచి, మర్నాడు మళ్లీ చూడండి. చేత్తో ముట్టుకుని 'చల్లగానే ఉంది' అనుకోవద్దు. బయట 42 డిగ్రీల్లో తిరిగొచ్చిన చేతికి 12 డిగ్రీలు కూడా చల్లగానే తగులుతుంది, పాలకూ చేపకూ మాత్రం ఆ 12 చాలదు.

ఎండాకాలంలో అంకె 7లో పెట్టేయమంటారా?

వద్దు. ఎండ ఎక్కువున్నప్పుడు 7లో పెడితే కంప్రెసర్ ఆగకుండా ఆడుతూనే ఉంటుంది. కరెంటు కాలుతుంది, కంప్రెసర్ వేడెక్కుతుంది, డైరెక్ట్ కూల్ ఫ్రిజ్ (పేరుకున్న మంచును మనమే కరిగించాల్సిన రకం) అయితే పై అరలో పాలు, కూరగాయలు గడ్డకడతాయి. 4 లేదా 5లో ఉంచి థర్మామీటరు చూడండి. అప్పటికీ చల్లదనం రావడం లేదంటే లోపం అంకెలో లేదు. గాలి ఆడకపోవడమో, తలుపు రబ్బరు వదులవడమో, మరొకటో కారణమై ఉంటుంది.

కొత్త ఫ్రిజ్ కొంటున్నాం. స్టార్లు కాకుండా ఇంకేం చూడాలి?

స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అవుతుందో రాసి ఉంటుంది. రెండు మోడళ్లను పోల్చేటప్పుడు స్టార్ల కన్నా ఆ యూనిట్ల అంకెను చూడండి. స్టార్లు ఫ్రిజ్ సైజును బట్టి ఇస్తారు కాబట్టి 4 స్టార్ల పెద్ద ఫ్రిజ్‌కు, 3 స్టార్ల చిన్న ఫ్రిజ్ కన్నా ఎక్కువ కరెంటు కావాల్సి రావచ్చు.

ఎవరూ చూడనిది మరొకటి ఉంది. ఫ్రిజ్ లోపల లేదా వెనక అతికించిన రేటింగ్ ప్లేటు మీద క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది. 'ఎన్' అని ఉంటే చుట్టూ 32 డిగ్రీల దాకా, 'ఎస్‌టీ' అంటే 38 దాకా, 'టీ' అంటే 43 దాకా ఉన్నా సరిగా పనిచేసేలా తయారుచేశారని అర్థం. మన జిల్లాల్లో 'టీ' తప్ప మరోటి తీసుకోవద్దు. ఆ 43 కూడా ఫ్రిజ్ ఉన్న గది వేడి. రేకుల కప్పు వంటింట్లో మధ్యాహ్నం పూట అది దాటిపోతుంది. అలాంటి ఇంట్లో ఫ్రిజ్‌ను వంటింట్లోంచి తీసి హాల్లోనో, వరండా లోపలి వైపో పెట్టుకోవడం మంచిది. చూడ్డానికి బాగుండదని కొందరంటారు గానీ ఫ్రిజ్ ఎక్కువ కాలం మన్నుతుంది.

గోడకు ఎంత దూరంలో పెట్టాలి?

వెనక జానెడు కాకపోయినా కనీసం నాలుగైదు అంగుళాలు, పక్కన రెండేసి అంగుళాలు, పైన జానెడు ఖాళీ. లోపలి నుంచి లాగిన వేడి అంతా బయటకే వస్తుంది. దానికి పోయే దారి ఉండాలి. పడమటి ఎండ తగిలే గోడ పక్కన, పొయ్యి పక్కన పెట్టొద్దు. ఫ్రిజ్ మీద గుడ్డ కప్పి, దాని మీద మిక్సీ, డబ్బాలు, పాత పేపర్లు పేర్చి పక్కలకు కవర్లు వేలాడదీయడం మన ఇళ్లలో మామూలు. పక్కలు ఖాళీగా ఉంచండి, అంతకన్నా పెద్ద సర్వీసు లేదు.

అన్నా, ఫ్రిజ్ పక్కలు చెయ్యి పెడితే కాలుతున్నాయి. టెన్షన్‌గా ఉంది, ఆఫ్ చేసేయమంటావా?

ఆఫ్ చేయొద్దు. పాత ఫ్రిజ్‌లకు వెనక నల్ల జాలీలా కనిపించేది కదా, అదే వేడిని వదిలే కాయిల్. ఇప్పటి చాలా మోడళ్లలో ఆ గొట్టాలను పక్క రేకుల లోపల అమర్చేశారు. అందుకే పక్కలు వేడెక్కుతాయి. కొత్తగా తెచ్చిన రోజున, ఎండాకాలం మధ్యాహ్నం, ఒక్కసారిగా సరుకంతా సర్దినప్పుడు మరీ ఎక్కువ. లోపల చల్లగా ఉన్నంతవరకు అది సహజం. పక్కలు వేడిగా ఉండి లోపల చల్లదనం లేకపోతే అప్పుడు ఫోన్ చేయండి.

స్టెబిలైజర్ కావాలా, వద్దా?

'స్టెబిలైజర్ అవసరం లేదు' అని రాసి ఉన్న ఫ్రిజ్ అయితే, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో ఆ పక్కనే రాసి ఉంటుంది. మీ ఇంట్లో వోల్టేజి ఆ హద్దుల్లోనే ఉంటే అక్కర్లేదు. పొలం మోటార్లు ఆడే వేళ లైట్లు గుడ్డిగా అయ్యే పల్లెల్లో, లైను చివర ఇళ్లలో మాత్రం పెట్టించుకోండి. కొనేటప్పుడు టైం డిలే ఉన్నది అడగండి. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ మొదలైతే లోపల ఒత్తిడి ఇంకా దిగి ఉండదు, మోటారు లాగలేక వేడెక్కుతుంది. ఆ మూడు నుంచి ఐదు నిమిషాలు ఆపి ఉంచడమే టైం డిలే పని. స్టెబిలైజర్ లేని ఇంట్లో, కరెంటు పోతూ వస్తూ ఆడుకుంటుంటే స్విచ్ ఆపేసి, నిలబడ్డాక ఐదు నిమిషాలకు వేయండి.

తలుపు పట్టుకుంటే చిన్నగా జివ్వుమంటోంది. చెప్పులు వేసుకుని తీస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇది వాయిదా వేసే పని కాదు. ఫ్రిజ్ ప్లగ్గు తీసేసి, ఆ తర్వాత ఈ జవాబు చదవండి.

జివ్వుమంటోందంటే కరెంటు ఎక్కడో బాడీకి తగులుతోంది, దాన్ని భూమిలోకి తీసుకుపోవాల్సిన ఎర్త్ మీ ఇంట్లో పనిచేయడం లేదు. రెండూ లోపాలే. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్నును విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చిన ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎర్త్ గుంత తవ్వించి ఏళ్లయిపోయి, ఎండాకాలంలో ఎండిపోయినా ఇదే గతి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ పరీక్ష చేయించి, మెయిన్ బోర్డులో లీకేజీని పట్టి కరెంటు ఆపే ఆర్‌సీసీబీ పెట్టించండి. వంటింట్లో తడికాళ్లతో, తడిచేతులతో తిరిగేది ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు. ఆ ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

కరెంటు పోతే ఎంతసేపు ఫర్వాలేదు?

తలుపు తీయకుండా ఉంటే కింది అరలకు సుమారు నాలుగు గంటలు. ఫ్రీజర్ నిండుగా ఉంటే రెండు రోజుల దాకా, సగమే ఉంటే ఒక రోజు. ఇవి విడి తలుపున్న ఫ్రీజర్ లెక్కలు. ఒకే తలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న అర అంతసేపు ఆగదు, దాన్ని నమ్ముకోకండి. మన ఎండలో ఏదైనా ఇంకాస్త తక్కువే వేసుకోండి.

రాత్రి కరెంటు పోయి మీరు నిద్ర లేచేలోపు వచ్చేసిందనుకోండి. ఎంతసేపు పోయిందో ఎలా తెలుస్తుంది? చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో వదిలేయండి. బిళ్ల మంచు మీదే ఉంటే భయం లేదు. మంచులోకి దిగిపోయి కనిపిస్తే లోపలివి కరిగి మళ్లీ గడ్డకట్టాయన్నమాట. ఊరికి వెళ్లొచ్చినప్పుడు కూడా ఇదే గుర్తు.

తుఫాను హెచ్చరిక వచ్చింది. ఏం చేయాలి?

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ కానీ, 2015, 2021 నవంబర్లలో నెల్లూరు జిల్లాను ముంచిన వానలు కానీ మరిచిపోయే సంగతులు కావు. అలాంటప్పుడు కరెంటు గంటల్లో కాదు, రోజుల్లో వస్తుంది.

హెచ్చరిక రాగానే ఫ్రిజ్‌ను బాగా చల్లటి అంకెకు తిప్పండి. సీసాల్లో ముప్పావు వంతు నీళ్లు పోసి ఫ్రీజర్ ఖాళీలన్నీ నింపండి. కరెంటు ఉన్నప్పుడే అవి గడ్డకడితే కరెంటు పోయాక చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి, కరిగాక తాగే నీళ్లవుతాయి. చేపలు, మాంసం ఉంటే ఆ రోజే వండుకుని తినేయండి. కొత్తగా ఏమీ కొని నింపొద్దు. ఇల్లు పల్లంలో ఉంటే ఫ్రిజ్‌ను ఇటుకల మీదకో బల్ల మీదకో ఎక్కించండి. కంప్రెసర్, వైర్ల కనెక్షన్లు ఉండేది కింది భాగంలోనే, జానెడు నీళ్లు చాలు అవి మునగడానికి. గాలీవానా ముదిరాక ప్లగ్గు తీసేయండి.

ఇంట్లోకి నీళ్లొచ్చి ఫ్రిజ్ అడుగు మునిగింది. ఆరిపోయింది, ఇప్పుడు ఆన్ చేయవచ్చా?

చేయొద్దు. పైకి ఆరినట్టున్నా రిలే (కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే భాగం), వైర్ల జాయింట్లలో బురద తడి ఉంటుంది. మెకానిక్ విప్పి, శుభ్రం చేసి, లీకేజీ చూశాకే ప్లగ్గు పెట్టాలి. వరద నీళ్లు తగిలిన తిండి, ప్యాకెట్లో ఉన్నా సరే, పారేయండి.

ఆదివారం చేపలు ఎక్కువ తెస్తాం. ఫ్రీజర్‌లో ఎన్నాళ్లుంటాయి?

మన వైపు ఇదే అన్నిటికన్నా ఎక్కువ వచ్చే ప్రశ్న, కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

చేప బతుకు ఫ్రీజర్‌లో మొదలవదు, మార్కెట్లో మొదలవుతుంది. పదింటికి కొని, బండి హ్యాండిల్‌కు కవరు తగిలించి, మధ్యలో కూరగాయలకు, మందులకు ఆగి, పన్నెండింటికి ఇంటికొస్తే ఆ చేపను ఏ ఫ్రీజరూ బాగుచేయలేదు. ఎండాకాలంలో పచ్చి చేప గంటకు మించి బయట ఉండకూడదు. మూత గట్టిగా పడే డబ్బాలో అమ్మేవాళ్ల దగ్గరే గుప్పెడు ఐసు వేయించుకుని, చేపలు చివర్లో కొనుక్కుని నేరుగా ఇంటికి రండి.

వంజరం, కానాగంతలు, తూర లాంటి సముద్రపు చేపల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. వేడికి వదిలేస్తే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. తిన్న కాసేపటికి మొహం ఎర్రబారడం, ఒళ్లంతా దద్దుర్లు, తలనొప్పి, గుండె దడ. 'నాకు చేప పడదు' అనుకునేవాళ్లలో కొందరికి జరిగింది ఇదే అయ్యుండొచ్చు. వండితే ఇది పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు, వాసనతో పట్టుకోవడం కూడా కష్టం. ముందు నుంచీ ఐసులో ఉంచడం ఒక్కటే మార్గం.

ఇంటికొచ్చాక కడిగి, ముక్కలు కోసి, నీళ్లు ఓడ్చి, ఒక పూటకు సరిపడా విడివిడి ప్యాకెట్లు కట్టండి. కవర్లో గాలి ఎంత పిండేస్తే అంత మంచిది. గాలి తగిలిన చోట ముక్క తెల్లగా, పీచులా ఎండిపోతుంది. తిన్నా హాని లేదు గానీ రుచి పోతుంది. ప్యాకెట్లను పలచగా పరిచి పెట్టండి, తొందరగా గడ్డకడతాయి. మీద తారీకు రాయండి. రొయ్యలైతే వలిచి, డబ్బాలో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి గడ్డకట్టించండి. చుట్టూ మంచు ఉంటే ఎండిపోవు.

నూనె ఎక్కువుండే కానాగంతలు, కవళ్లు రెండు మూడు నెలలు. కొవ్వు తక్కువుండే కొరమీను లాంటివి ఆరు నెలల దాకా. ఇది మైనస్ 18 ఉండే ఫ్రీజర్‌కే. ఒకే తలుపు ఫ్రిజ్ పై అరలో అంత చల్లదనం ఉండదు, అందులో ఒకటి రెండు వారాల్లో వాడేసుకోండి. ఫ్రీజర్లో కాకుండా కింది అరలో పెట్టిన పచ్చి చేపకు ఒక్క రోజు, మహా అయితే రెండు.

వండే ముందు రాత్రి కింది అరలోకి దించి, గిన్నెలో పెట్టి కరగనివ్వండి. తొందరైతే కవరుతో పాటు చల్లటి నీళ్లలో ఉంచండి. గట్టు మీద మధ్యాహ్నమంతా వదిలేస్తే లోపల గడ్డ ఉండగానే పైన చెడిపోవడం మొదలవుతుంది. అలా బయట కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు. కరెంటు పోయి కరిగిన ప్యాకెట్లలో ఇంకా మంచు పలుకులు తగులుతుంటే తిరిగి పెట్టవచ్చు, మెత్తబడినా చల్లగా ఉంటే ఆ పూటే వండేయండి, వెచ్చబడితే పారేయండి.

చేపల పులుసు మర్నాటికే కదా రుచి. ఫ్రిజ్‌లో పెడితే ఆ రుచి పోతుందా?

పోదు. ముక్కకు పులుపు, ఉప్పు, కారం పట్టడం చల్లగా ఉన్నా జరుగుతుంది, కాస్త నిదానంగా. చింతపండు, మామిడికాయ పులుపు ఉంది కాబట్టి మామూలు కూరల కన్నా పులుసు కొంత ఆగుతుంది. ఆ ధైర్యంతోనే మన పెద్దవాళ్లు రాత్రంతా పొయ్యి మీదే ఉంచేవాళ్లు. మే నెల రాత్రుల్లో మాత్రం ఆ ధైర్యం చేయకండి. దించాక వేడి తగ్గనిచ్చి, రెండు గంటల్లోపు స్టీలు లేదా గాజు గిన్నెలో ఫ్రిజ్‌లోకి చేర్చండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకు లోహం కరుగుతుంది. మర్నాడు కావలసినంత వేరే గిన్నెలోకి తీసుకుని, ఉడుకు వచ్చేదాకా కాచుకోండి. మొత్తం గిన్నెను పూటకోసారి వేడిచేసి మళ్లీ లోపల పెట్టడం మంచిది కాదు. మూడో రోజుకు ముగించండి.

వేడి వేడి గిన్నె లోపల పెడితే ఫ్రిజ్ పాడవుతుందంటారు. నిజమా?

పాడవదు, కానీ పక్కనున్న పాలు, పెరుగు వెచ్చబడతాయి. అలాగని అర్ధరాత్రి దాకా బయట ఉంచడం ఇంకా చెడ్డది. వెడల్పాటి గిన్నెల్లోకి పంచితే తొందరగా ఆరుతుంది, చల్లటి నీళ్ల పళ్లెంలో పెడితే ఇంకా తొందరగా.

రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోరకో, తాలింపుకో వాడతాం. ఫ్రిజ్‌లో పెట్టాలా?

పెట్టాలి. అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి విత్తనాలు ఉంటాయి. ఉడికినా చావవు. అన్నం వెచ్చగా గంటల తరబడి ఉంటే పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషం తాలింపు వేడికి కూడా పోదు. పొద్దున తాలింపు అన్నం తిని పదకొండింటికి వాంతులు మొదలైతే అనుమానించాల్సింది దీన్నే. వండిన గంట రెండు గంటల్లో చల్లార్చి లోపల పెట్టి, మర్నాడు తినేయండి. మజ్జిగలో నానేసే చద్దన్నం దారి వేరు, అక్కడ పులుపు చాలా సూక్ష్మజీవులను అదుపులో పెడుతుంది. ఉత్త అన్నానికి ఆ కాపు లేదు.

ఉలవపాడు మామిడికాయలు బుట్టెడు వచ్చాయి. ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ రోజులుంటాయా?

పండకముందు పెట్టొద్దు. కాయకు సుమారు 12, 13 డిగ్రీల కన్నా చల్లదనం తగిలితే తోలు మీద నల్ల మచ్చలొస్తాయి, బయటికి తీశాక కూడా సరిగా పండదు, తీపి రాదు. గడ్డిలోనో పేపర్లోనో మాగనిచ్చి, పండాక లోపల పెడితే నాలుగైదు రోజులు ఉంటుంది. ఇంకా మిగిలితే రసం తీసి డబ్బాల్లో గడ్డకట్టించండి.

అరటిపండ్లు, ఉల్లిపాయలు, వెల్లుల్లి, బంగాళాదుంపలు బయటే. ఆవకాయ కూడా బయటే. ఉప్పు, కారం, నూనే దాన్ని కాపాడతాయి.

నిమ్మకాయలు?

వేసవిలో ధర చూస్తే ఈ ప్రశ్న ఎందుకొస్తుందో తెలుస్తుంది. గూడూరు, పొదలకూరు యార్డుల నుంచి దేశమంతా పోతాయి గానీ, ఏప్రిల్లో ఇక్కడ మనకూ పిరమే. చౌకగా ఉన్నప్పుడు తెచ్చి, తడి లేకుండా తుడిచి, కవర్లో మూతి కట్టి కూరగాయల డ్రాయర్‌లో పెడితే మూడు నాలుగు వారాలు రసం తగ్గకుండా ఉంటాయి. విడిగా వదిలేస్తే వారానికే తోలు గట్టిపడుతుంది. ఎక్కువుంటే రసం పిండి ఐసు ట్రేలో పోసి, గడ్డకట్టాక ఆ ముక్కలను కవర్లో వేసి దాచండి. ఒక ముక్క, ఒక గ్లాసు షర్బత్.

పాలు, గుడ్లు, దోసె పిండి ఎక్కడ పెట్టాలి?

తలుపులో వద్దు, ఫ్రిజ్ మొత్తంలో వేడి ఎక్కువ తగిలేది అక్కడే. పాలు, గుడ్లు లోపలి వైపు అరలో. తలుపులో నీళ్ల సీసాలు, సాసులు, పచ్చళ్లు పెట్టుకోండి. పిండి పులిశాక లోపల పెడితే మూడు నాలుగు రోజులు. గిన్నె పైదాకా నింపొద్దు, లోపల కూడా కాస్త పొంగుతుంది. పచ్చి మాంసం, చేపలు ఎప్పుడూ అన్నిటికన్నా కింది అరలో, గిన్నెలో. పైన పెడితే కారే నీళ్లు వండిన వాటి మీద పడతాయి.

నాన్నకు ఇన్సులిన్. ఎక్కడ పెట్టాలి?

తెరవని సీసాలు, పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య, నడిమి అరలో, మూత ఉన్న చిన్న డబ్బాలో. ఫ్రీజర్‌లో కానీ, ఫ్రీజర్ కిందే ఉండే ట్రేలో కానీ, వెనక గోడకు ఆనించి కానీ పెట్టొద్దు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపిస్తుంది గానీ పనిచేయదు. వాడకంలో ఉన్నది చాలావరకు గది వేడిలో నాలుగు వారాలు ఉంచవచ్చని కంపెనీలు రాస్తాయి, కానీ వాళ్లు చెప్పే గది 25, 30 డిగ్రీలది. ఏప్రిల్, మే నెలల్లో మన గదులు అలా ఉండవు. వాడుతున్నదాన్ని కూడా ఫ్రిజ్‌లోనే ఉంచవచ్చా అన్నది మీ మందు కాగితంలో చూసి డాక్టరుగారిని అడగండి. షుగరు ఉన్నట్టుండి అదుపు తప్పితే, మోతాదు మార్చే ముందు ఇన్సులిన్ ఎక్కడ ఉంచారో కూడా ఆయనకు చెప్పండి. ఇంట్లో ఇన్సులిన్ ఉంటే థర్మామీటరు తప్పనిసరి.

ఐసు పేరుకుపోయింది. చాకుతో తీసేయవచ్చా?

దయచేసి వద్దు. డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో ఆ మంచు గది గోడలు పలచటి అల్యూమినియం. ఫ్రిజ్‌ను చల్లబరిచే గ్యాసు పారే దారులు ఆ రేకులోనే ఉంటాయి. చాకు మొన తగిలి సూది బెజ్జం పడితే గ్యాసు మొత్తం పోతుంది. మేము చూసే 'ఉన్నట్టుండి చల్లబడటం మానేసిన' ఫ్రిజ్‌లలో ఇది మామూలు కథ. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో వాడే ఆర్-600ఏ గ్యాసు అంటుకునే స్వభావం ఉన్నది. పరిమాణం కొద్దిగానే ఉంటుంది గానీ, గుచ్చిన వెంటనే బుస్సుమని చప్పుడొస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా, పొయ్యి ఆర్పి, కిటికీలు తలుపులు తెరిచి కాసేపు బయటికి రండి.

మంచు పావు అంగుళం దాటితే, అంకెల మధ్య ఉండే డీఫ్రాస్ట్ బొత్తాం రాత్రి పడుకునే ముందు నొక్కండి. గిన్నెడు వేడినీళ్లు లోపల పెడితే తొందరగా కరుగుతుంది. మంచు తనంతట తానే కరిగిపోయే ఫ్రాస్ట్ ఫ్రీ మోడల్లో మంచు పేరుకుంటే మాత్రం హీటరో, సెన్సరో పోయినట్టు, లేదా తలుపు సరిగా పడనట్టు.

మెకానిక్ వచ్చి 'గ్యాసు అయిపోయింది' అంటున్నాడు. నిరుడే కదా ఎక్కించింది?

ఫ్రిజ్‌లో గ్యాసు వాడుకుంటే అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాసు ఏళ్లకు ఏళ్లు తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే కారినట్టే. ఎక్కడ కారుతోందో పట్టకుండా మళ్లీ ఎక్కిస్తే కొన్ని నెలలకు మళ్లీ ఖాళీ.

అందుకే డబ్బులు మాట్లాడే ముందు నాలుగు మాటలు అడగండి. లీకు ఎక్కడుందో చూపిస్తారా? నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి చూస్తారా? గొట్టాల్లో తేమను, చెత్తను పట్టే ఫిల్టర్ డ్రయర్ కొత్తది వేస్తారా? వాక్యూమ్ పంపుతో గాలి, తేమ లాగేశాక ఎక్కిస్తారా? ప్లేటు మీద ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. అదే గ్యాసు, అంతే తూకం. ఆర్-134ఏ ఫ్రిజ్‌లో 600ఏ, లేదా అటుది ఇటు ఎక్కించడానికి ఒప్పుకోవద్దు. పని తెలిసినవాళ్లు ఈ ప్రశ్నలకు కోప్పడరు.

కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలుస్తున్నాయి.

వెనక గోడ మీద నీళ్లు దిగే చిన్న కన్నం ఉంటుంది. కరివేపాకు రెబ్బో, కొత్తిమీర ముక్కో అడ్డుపడి ఉంటుంది. మెత్తటి పుల్లతో తీసి, గోరువెచ్చటి నీళ్లు పోయండి.

ఆ నీళ్లు చేరేది వెనక కంప్రెసర్ మీద ఉండే ట్రేలోకి. దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ చూడరు. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్లలోనే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి ట్రే పారబోసి, రుద్ది కడగాలి. గుడ్లు అంచుకు అంటుకుని ఉంటాయి, ఉత్తగా ఒంపితే పోవు. ఊళ్లో శుక్రవారం డ్రైడే చేస్తారు కదా, కుండీలూ తొట్లూ చూసే రోజే దీన్నీ చూసేయండి.

తలుపు రబ్బరు నల్లబడింది. మార్చాలా?

ముందు సబ్బునీళ్లతో, పాత బ్రష్‌తో మడతల్లో రుద్ది తుడవండి. తర్వాత ఒక నోటును తలుపు మధ్య పెట్టి మూసి లాగండి. బిగుతుగా వస్తే రబ్బరు బాగున్నట్టు, జారుకుంటూ వస్తే పట్టు పోయినట్టు. నాలుగు వైపులా చూడండి. రబ్బరు ఒక్కటే మార్పించుకోవచ్చు, కొత్త ఫ్రిజ్ అక్కర్లేదు.

మాది మైపాడు పక్కన. రెండేళ్లకే వెనక తుప్పు.

ఉప్పు గాలి. కొత్తపట్నం, రామాయపట్నం వైపు కూడా ఇంతే. సముద్రం వైపు కిటికీకి ఎదురుగా ఫ్రిజ్ పెట్టొద్దు. నెలకోసారి ప్లగ్గు తీసి, పిండిన తడిగుడ్డతో బయటి రేకు, అడుగు, కాళ్లు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. పెయింటు లేచిన చోట ప్రైమరు, పైన పెయింటు వేయించండి. వెనక రాగి గొట్టాల అతుకుల దగ్గర పచ్చటి పొడి కనిపిస్తే అక్కడే లీకు మొదలయ్యేది, మెకానిక్‌కు చూపించండి. స్టాండు ఇనుపది కాకుండా ప్లాస్టిక్‌ది వాడండి.

లోపల ఎండుచేపల వాసన వదలడం లేదు.

అన్నీ తీసి, లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి తుడవండి. తలుపు రబ్బరు మడతలు, కింది ట్రే మరవొద్దు, వాసన చాలాసార్లు అక్కడే దాక్కుంటుంది. ఎండుచేపలు ఇకపై మూత బిగుతుగా ఉన్న గాజు సీసాలో.

రాత్రిళ్లు ఆపేస్తే కరెంటు ఆదా అవుతుందా?

కాదు. పొద్దున మళ్లీ చల్లబరచడానికి దాదాపు అంతా ఖర్చవుతుంది, మధ్యలో తిండి పాడవుతుంది. నెలరోజులు ఊరికి పోతుంటే మాత్రం ఖాళీ చేసి, తుడిచి, ఆపేసి, తలుపు కొంచెం తెరుచుకుని ఉండేలా మధ్యలో గుడ్డ మడిచి పెట్టండి. మూసేస్తే బూజు పడుతుంది.

ఇల్లు మారుతున్నాం. ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లవచ్చా?

నిలబెట్టే తీసుకెళ్లండి. తప్పక పడుకోబెడితే, కొత్త ఇంట్లో నిలబెట్టాక ఎన్ని గంటలు పడుకోబెట్టారో కనీసం అన్ని గంటలు ఆగి ఆన్ చేయండి. కంప్రెసర్ నూనె గొట్టాల్లోంచి వెనక్కి దిగాలి.

పాత ఫ్రిజ్‌ను పెరట్లో పెట్టాం, బియ్యం మూటలకు వాడదామని.

వాడుకోండి, కానీ తలుపు ఊడదీసేశాకే. పాత మోడళ్లలో తలుపు గొళ్లెంతో బిగుస్తుంది, దాగుడుమూతల్లో పిల్లలు లోపల దూరితే లోపలి నుంచి తెరుచుకోదు, గాలి ఆడదు. పాత ఇనుప సామాను వాళ్లకు వేస్తే వాళ్లు గొట్టాలు కోసి గ్యాసు గాలిలోకి వదిలేస్తారు. ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వడమో, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు అప్పగించడమో మేలు. ఇచ్చే రోజు దాకా అది పెరట్లోనే ఉండాల్సి వస్తే, ముందు స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ తలుపు విప్పేయండి.